మీరు అడిగారు: క్రిములు ఎంజైమ్‌లతో ఏం చేస్తాయి?

క్రిములు, వాటి ఎంజైమ్‌ల మీద ప్రశ్నలు పంపమంటే చాలానే వచ్చాయి, కొన్ని ఒకేలా ఉంటే కలిపేశాను. ముందు ఒక్క మాట చెప్పి జవాబుల్లోకి వెళ్తాను. ఎంజైమ్ అంటే ఒక పని కోసమే పుట్టిన ప్రోటీన్, ఒకదాన్ని కొయ్యడమో ఇంకోదానికి అతికించడమో ఏదో ఒకటి, అదే పని మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటుంది, అయినా అది ఖర్చైపోదు. క్రిమికి చేతులూ పళ్లూ లేవు కదా, ఆ పనులన్నీ వీటితోనే కానిస్తుంది. మన ఒంట్లో అది ఎంత దూరం వెళ్లగలదు, ఎంత దెబ్బకి తట్టుకోగలదు అన్నది చాలావరకు దాని దగ్గర ఏ ఎంజైమ్‌లు ఉన్నాయో దాన్ని బట్టే ఉంటుంది.

ప్రశ్న: అమ్మకి చాలా రోజులుగా కడుపులో మంట. ఎండోస్కోపీ చేసి లోపల్నుంచి చిన్న ముక్క తీసి పసుపు రంగు జెల్‌లో పెట్టారు, కాసేపటికి జెల్ గులాబీ రంగులోకి మారింది, క్రిమి ఉంది మందులు వాడాలి అన్నారు. క్రిమిని చూడకుండా రంగు చూసి ఎలా చెప్పేశారు? అసలు కడుపులో అంత యాసిడ్ ఉంటే క్రిమి ఎలా బతుకుతుంది?

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు కానీ రెండింటికీ జవాబు ఒకటే, దాని పేరు యూరియేజ్. అమ్మ కడుపులో ఉన్నది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. అది తయారుచేసుకునే మొత్తం ప్రోటీన్‌లో దాదాపు పదో వంతు వరకు ఈ ఒక్క ఎంజైమే ఉండొచ్చు. అంత చిన్న జీవి తన సంపాదనలో అంత భాగం ఒకేదాని మీద పెడుతోందంటే అది లేకపోతే దానికి ప్రాణం నిలవదన్నమాట. యూరియేజ్ చేసేది ఏంటంటే, మన ఒంట్లో ఎప్పుడూ ఉండే యూరియాని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. అమ్మోనియా క్షారం కాబట్టి యాసిడ్‌ని అక్కడికక్కడే చల్లారుస్తుంది. కడుపు మొత్తాన్ని కాదండీ, తన ఒంటి లోపల, తన చుట్టూ ఉన్న ఆ కాస్త చోటు మాత్రమే. అది చాలు దానికి.

నాకు ఇందులో బాగా నచ్చేది దాని గుమ్మం. యూరియా లోపలికి రావడానికి ఆ బ్యాక్టీరియా పొరలో ఒక సన్నటి దారి ఉంటుంది, బయట యాసిడ్ పెరిగితేనే అది తెరుచుకుంటుంది, యాసిడ్ తగ్గితే మూసుకుపోతుంది. ఎందుకంటే యాసిడ్ లేనప్పుడు కూడా అమ్మోనియా తయారవుతూ ఉంటే ఆ క్షారానికి అదే చచ్చిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది, కడుపు లోపలి జిగురు పొర యాసిడ్‌లో గట్టి జెల్లీలా ఉంటుంది, యాసిడ్ తగ్గగానే పలచబడుతుంది, అప్పుడు ఈ మెలికల క్రిమి తన తోకలతో ఈదుకుంటూ గోడ దగ్గరికి చేరిపోతుంది, అక్కడ యాసిడ్ బాధ ఎలాగూ తక్కువ. యూరియేజ్ తీసేసిన రకాన్ని పందిపిల్లలకి ఎక్కించి చూస్తే అది కడుపులో కాపురం పెట్టలేకపోయింది. అంటే ఇక్కడ బతకడానికి పనికొచ్చే ఎంజైమూ జబ్బు తెప్పించే ఎంజైమూ వేరువేరు కాదు, రెండూ ఒకటే.

ఇక జెల్ సంగతి. అందులో యూరియా ఉంటుంది, క్షారం తగిలితే రంగు మారే పదార్థం ఉంటుంది. ముక్కలో క్రిమి ఉంటే యూరియేజ్ యూరియాని విడగొడుతుంది, అమ్మోనియా వస్తుంది, పసుపు కాస్తా గులాబీ అవుతుంది. మనిషి కణాలు యూరియేజ్ చెయ్యలేవు కాబట్టి ఆ రంగుకి కారణం క్రిమే. ఊపిరి పరీక్ష కూడా ఇదే లెక్క, కార్బన్-13 ఉన్న యూరియా తాగిస్తారు, క్రిమి ఉంటే ఆ కార్బన్ కాసేపట్లో ఊపిరిలో బయటికొస్తుంది. అమ్మ మందుల కోర్సు అయ్యాక క్రిమి పోయిందో లేదో చూడ్డానికి బహుశా అదే చేయిస్తారు. అప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, యాసిడ్ తగ్గించే మాత్రలు వేసుకుంటూ పరీక్షకి వెళ్తే క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు. సాధారణంగా రెండు వారాల ముందు ఆ మాత్రలు ఆపిస్తారు, యాంటీబయాటిక్ అయితే అయిపోయి కనీసం నాలుగు వారాలు గడవాలి. ఆపడం మాత్రం డాక్టర్‌ని అడిగే చెయ్యండి, సొంతంగా వద్దు.

కడుపులో ఏ క్రిమీ బతకదని చాలాకాలం పుస్తకాల్లోనే ఉండేది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని ల్యాబ్‌లో పెంచి చూపించినా నమ్మినవాళ్లు తక్కువ, 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవం తనే తాగేశాడు, కొన్ని రోజుల్లోనే కడుపు లోపల వాపు వచ్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మీరు మాత్రం కోర్సు మధ్యలో మంట తగ్గింది కదా అని మాత్రలు ఆపనివ్వకండి.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను మేడమ్. క్యాటలేజ్ టెస్టులో బుడగలొస్తే పాజిటివ్, కోయాగ్యులేజ్ టెస్టులో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, గడ్డకడితే సెగ్గడ్డలు తెప్పించే స్టాఫిలోకాకస్ ఆరియస్ అని రాసేస్తాం. కానీ ఇవి మనకి గుర్తుపట్టడానికి సరే, ఆ బ్యాక్టీరియాకి ఎందుకు? ఎగ్జామ్ కోసం కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం వేసిందమ్మా, బెంచి దగ్గర రోజూ వందసార్లు చేసే పని కాబట్టి చాలామంది ఇంత దూరం ఆలోచించరు. స్లైడ్ మీద ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, పుల్లతో క్రిముల గుంపుని, అంటే కాలనీని, కాస్త తీసి అందులో పెట్టగానే బుస్సుమని నురగ వస్తుంది కదా, ఆ నురగంతా ఆక్సిజన్. క్యాటలేజ్ పెరాక్సైడ్‌ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తోంది, ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకి లక్షల్లో విడగొడుతుంది, అందుకే నువ్వు రెప్ప వేసేలోపే బుడగలు. ఇప్పుడు ఆ స్లైడ్‌ని మన తెల్లరక్తకణం అనుకో. న్యూట్రోఫిల్ అనే ఆ కణం క్రిమిని మింగాక లోపల సంచిలో బంధించి దాని మీద వదిలే ఆయుధాల్లో పెరాక్సైడ్ ఒకటి, దాంతోనే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ బ్లీచింగ్‌లో ఉండేలాంటి యాసిడ్ చేస్తుంది. చీము ఒక్కోసారి పచ్చగా ఉంటుందే, ఆ ఆకుపచ్చ ఆ మైలోపెరాక్సిడేజ్‌దే. స్లైడ్ మీద నువ్వు చూసే నురగ, ఆ సంచి లోపల పెరాక్సైడ్‌ని క్రిమి చల్లార్చుకునే పనే.

అలాగని క్యాటలేజ్ ఉంటేనే రోగం తెప్పించగలదు అని రాసుకోకు. స్ట్రెప్టోకాకస్ అనే జాతి క్రిములకి క్యాటలేజ్ లేదు, గొంతు దగ్గర్నుంచి న్యుమోనియా దాకా ఎన్ని తెప్పిస్తాయో నీకు తెలుసు. న్యుమోనియా తెప్పించే న్యుమోకాకస్ అయితే తనే పెరాక్సైడ్ తయారుచేసి బయటికి వదులుతుంది. ఒక్కో క్రిమిది ఒక్కో దారి. టెస్టు చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త, బ్లడ్ అగర్ మీద, అంటే క్రిముల్ని పెంచే రక్తం కలిపిన జెల్ మీద, కాలనీ తీస్తే కింద అగర్ గీరుకోకుండా పైపైన తియ్యి, ఎర్రరక్తకణాల్లో కూడా క్యాటలేజ్ ఉంటుంది, ఉత్తుత్తి బుడగలు వచ్చేస్తాయి.

కోయాగ్యులేజ్ ఇంకా తమాషాగా ఉంటుంది. పేరు చూసి ఎంజైమ్ అంటాం కానీ అది ఒంటరిగా ఏమీ కొయ్యదు, మన రక్తంలో గడ్డ కట్టించడానికి నిద్రపోతూ ఉండే ప్రోథ్రాంబిన్‌ని పట్టుకుని నిద్రలేపుతుంది, ఆ జంట కలిసి రక్తంలో కరిగి ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ని ఫైబ్రిన్ దారాలుగా మార్చేస్తుంది. అంటే మన ఎంజైమ్‌ని మన మీదే పనిలోకి దింపుతోంది. ఆ ఫైబ్రిన్ క్రిముల చుట్టూ గోడలా కట్టుకుంటుంది, తెల్లరక్తకణాలు లోపలికి రావడం కష్టమవుతుంది, సెగ్గడ్డ గట్టిగా ఒకచోట కట్టడంలో దీనికి పాత్ర ఉంది. తర్వాత అక్కడ్నుంచి బయటపడి పాకాలంటే గోడ కరగాలి కదా, దానికి స్టాఫిలోకైనేజ్ అని ఇంకొకటి, అది మన రక్తంలో గడ్డలు కరిగించే పని కోసం నిద్రపోతూ ఉండే ప్లాస్మినోజెన్‌ని లేపి గడ్డని కరిగించేస్తుంది. ట్యూబ్ కోయాగ్యులేజ్ టెస్టుని పెట్టిన నాలుగు గంటలకి తప్పకుండా చూడమని చెప్తారు, గుర్తుందా? రాత్రి పెట్టేసి పొద్దున్నే చూస్తే, మధ్యలో కట్టిన గడ్డని ఈ స్టాఫిలోకైనేజ్ కరిగించేసి నీకు నెగటివ్ చూపించొచ్చు. పుండులో జరిగేదే నీ ట్యూబ్‌లోనూ జరుగుతోంది. ట్యూబ్‌ని ఊపకుండా మెల్లగా వంచి చూడు, అప్పుడే కట్టే సన్నటి గడ్డ ఊపితే విడిపోతుంది.

ఒక్కటి చెప్పి ఆపేస్తాను. న్యూట్రోఫిల్స్ తమ డీఎన్ఏనే వలలా బయటికి విసిరి క్రిముల్ని చిక్కించుకుంటాయని 2004లో బయటపడింది. స్టాఫిలోకాకస్ ఆరియస్‌కి డీఎన్ఏని కోసే న్యూక్లియేజ్ ఉంది, ఆ వలని కొరికేసుకుని బయటికొస్తుంది. డీఎన్ఏజ్ టెస్టు ప్లేటు మీద కాలనీ చుట్టూ తేటగా కనిపిస్తుందే వలయం, అది ఈ పనే.

ప్రశ్న: నాకు టీబీ అని తేలి రెండు నెలలైంది. దగ్గు పోయింది, బరువు పెరిగాను, కళ్లెలో క్రిములు లేవని రిపోర్టు వచ్చింది. ఇంకా నాలుగు నెలలు ఎందుకండీ? పైగా మందుకి లొంగని టీబీ అంటారు, అది మందుకి అలవాటు పడిపోవడమా?

జవాబు: బరువు పెరిగారు, కళ్లె శుభ్రంగా వచ్చింది, చాలా మంచి విషయం. కానీ దయచేసి ఆపకండి, ఎందుకో వివరంగా చెప్తాను. టీబీ బ్యాక్టీరియాని మన తెల్లరక్తకణాలు మింగుతాయి కానీ అది లోపలే బతకడం నేర్చుకుంది. అక్కడ చక్కెర లాంటి సులువైన తిండి దొరకదు, ఎక్కువగా కొవ్వు మీదే బతకాలి. కొవ్వు మీద పెరగాలంటే ఐసోసిట్రేట్ లయేజ్ అనే ఎంజైమ్ కావాలి, అది మన శరీరంలో ఉండదు. ఆ ఎంజైమ్ లేని టీబీ క్రిముల్ని ఎలుకలకి ఎక్కించి చూసి 2000లో రాశారు, మొదటి రోజుల్లో అవి మామూలు క్రిముల్లాగే పెరిగాయి, తర్వాత నెలల తరబడి ఊపిరితిత్తుల్లో పాతుకుని ఉండాల్సిన దశకి వచ్చేసరికి నిలవలేకపోయాయి. అంటే జబ్బు మొదలుపెట్టడం వేరు, లోపల తిష్ట వేసుకుని కూర్చోవడం వేరు, రెండోదానికి వేరే ఎంజైమ్‌లు కావాలి. మీ దగ్గు పోయిందంటే వేగంగా పెరిగే క్రిములు చాలావరకు చచ్చాయి. మిగిలినవి ఆ తిష్ట వేసుకున్నవి.

అవి మందుకి ఎందుకు త్వరగా చావవంటే దాదాపు ఏ పనీ చెయ్యకుండా పడి ఉంటాయి కాబట్టి. చాలా మందులు పెరిగే క్రిమి మీదే గట్టిగా పనిచేస్తాయి, గోడ కట్టుకునేటప్పుడే గోడ చెడగొట్టగలం. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే ఆయన పెన్సిలిన్ ఎంత పోసినా స్టాఫిలోకాకస్ క్రిముల్లో ఏవో కొన్ని మిగిలిపోవడం గమనించి, వాటికి పట్టువిడవనివి అని అర్థం వచ్చే పెర్సిస్టర్స్ అన్న పేరు పెట్టాడు. వాటిని మళ్లీ పెంచితే మళ్లీ మందుకి మామూలుగానే చచ్చాయి, అంటే అవి మారిపోయిన రకం కాదు, ఆ క్షణంలో పడుకున్నవి. పడుకోబెట్టే ఎంజైమ్‌లు కూడా ఉన్నాయి. తిండి దొరక్కపోతే కొన్ని ఎంజైమ్‌లు చిన్న అణువొకదాన్ని తయారుచేస్తాయి, ఈ.కొలై అనే పేగు బ్యాక్టీరియాలో అది మొదట 1969లో బయటపడింది, అది పెరగగానే క్రిమి ప్రోటీన్ ఫ్యాక్టరీలు తగ్గించుకుని ఉన్నదాన్ని దాచుకునే పనిలో పడుతుంది. టీబీ క్రిమిలో కూడా ఇలాంటి ఎంజైమ్ ఉంది. ఆ నాలుగు నెలలు ఆ పడుకున్నవాటి కోసమే.

లొంగని టీబీ మాత్రం వేరు, అది శాశ్వతంగా మారిపోయిన రకం. ఇక్కడే నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని సంగతి ఒకటి ఉంది. మీరు వేసుకునే మందుల్లో ఐసోనియాజిడ్ ఉంది కదా, 1952 నుంచి వాడుతున్నారు, నిజానికి మాత్రలో ఉన్నది అలా ఉంటే క్రిమిని ఏమీ చెయ్యదు. టీబీ క్రిమి దగ్గర క్యాట్-జీ అనే ఎంజైమ్ ఉంది, పైన ల్యాబ్ టెక్నీషియన్ ప్రశ్నకి చెప్పిన క్యాటలేజ్‌కి చుట్టం లాంటిదే, మన కణం విసిరే పెరాక్సైడ్ నుంచి క్రిమిని కాపాడేది అదే. ఆ ఎంజైమే ఐసోనియాజిడ్‌ని కదిలించి విషంగా మారుస్తుంది, ఆ విషం క్రిమి గోడకి కావాల్సిన మైనపు కొవ్వు తయారీని ఆపేస్తుంది. తన కవచంతోనే చస్తుందన్నమాట. 1992లో ఇది తేలింది. మరి తప్పించుకోవాలంటే క్రిమి ఏం చెయ్యాలి? క్యాట్-జీని వదిలేస్తే మందు పనిచెయ్యదు కానీ కవచం పోతుంది. అందుకే లొంగని రకాల్లో ఎక్కువగా కనిపించే మార్పు ఎలాంటిదంటే, ఎంజైమ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మాత్రమే మారుతుంది, కాపలా పని చాలావరకు నడుస్తుంది, మందుని విషంగా మార్చే పని మాత్రం పడిపోతుంది. మధ్యలో మందు ఆపి మళ్లీ మొదలెట్టి మళ్లీ ఆపితే ఇలా మారినవి మిగిలి పెరగడానికి చోటిచ్చినట్టే అవుతుంది. మీ పైరాజినమైడ్ కూడా అంతే, క్రిమి ఎంజైమే దాన్ని మందుగా మారుస్తుంది. ఇన్ని రకాల మందులు కలిపి ఇవ్వడం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది, ఒకదాన్నుంచి తప్పించుకున్నది ఇంకోదానికి దొరకాలి.

ప్రశ్న: నాన్నకి గుండెపోటు వచ్చినప్పుడు రక్తపు గడ్డ కరగడానికి స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చారు. అది బ్యాక్టీరియా నుంచి తీసింది అని ఎవరో అన్నారు, నిజమా?

జవాబు: నిజమే. స్ట్రెప్టోకాకస్ తను పాకడానికి అడ్డొచ్చే ఫైబ్రిన్ గోడని కరిగించుకోడానికి వాడే ప్రోటీన్ అది, ఇందాక చెప్పిన స్టాఫిలోకైనేజ్ లాగే మన ప్లాస్మినోజెన్‌ని పట్టుకుని లేపుతుంది. 1933లో టిల్లెట్, గార్నర్ అనే శాస్త్రవేత్తలు గమనించారు, 1986లో ఇటలీలో 11 వేల మందికి పైగా గుండెపోటు రోగుల మీద చేసిన పెద్ద పరిశీలనలో ప్రాణాలు కాపాడుతుందని స్పష్టంగా తేలింది, త్వరగా ఇచ్చినకొద్దీ మేలు ఎక్కువ. ఒక్కటి మాత్రం నాన్నగారి ఫైల్‌లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, ఇది ఏ తేదీన ఇచ్చారో. బ్యాక్టీరియా ప్రోటీన్ కాబట్టి మన ఒళ్లు దానికి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది, రెండోసారి ఇస్తే పనిచెయ్యకపోవచ్చు, ఎలర్జీ కూడా రావచ్చు, అందుకే మళ్లీ అవసరమైతే వేరే మందు ఎంచుకుంటారు.

ప్రశ్న: అయితే ఎంజైమ్‌లున్న బ్యాక్టీరియా అన్నీ ప్రమాదమేనా?

జవాబు: కాదు, ఎంజైమ్ లేని బ్యాక్టీరియానే ఉండదు. యూరియేజ్ మట్టిలో ఉండే ఎన్నో మామూలు బ్యాక్టీరియాలకీ ఉంది, క్యాటలేజ్ మన రక్తంలోనే ఉంది, మనం అరిగించుకోలేని పీచుని మన పేగులోని బ్యాక్టీరియానే తమ ఎంజైమ్‌లతో విరగ్గొడతాయి. ఆ ఎంజైమ్ ఎక్కడ పనిచేస్తోంది అన్నదే లెక్క. అదే యూరియేజ్ ప్రోటియస్ అనే క్రిమితో పాటు మూత్రంలోకి చేరితే మూత్రం క్షారమై అందులోని లవణాలు రాళ్లు కడతాయి.

ప్రశ్న: క్రిమిని చంపడం కంటే దాని ఎంజైమ్‌ని ఆపేస్తే చాలదా? యాంటీబయాటిక్‌కి లొంగకపోవడం అనే గొడవే ఉండదు కదా?

జవాబు: మంచి ఆలోచన, కొంతవరకు ఇప్పటికే వాడుతున్నాం కూడా. అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ యాసిడ్ కలిపిన మాత్ర మీరు వాడే ఉంటారు. అందులో క్లావులానిక్ యాసిడ్‌కి క్రిమిని చంపే శక్తి చాలా తక్కువ, దాని పని క్రిమి వదిలే బీటా లాక్టమేజ్‌కి అతుక్కుపోయి దాన్ని పనికిరాకుండా చెయ్యడం, ఆ ఎంజైమే కదా అమాక్సిసిలిన్‌ని విరిచేసేది. పెన్సిలిన్‌ని విరిచే ఎంజైమ్‌ని 1940లోనే అబ్రహం, చెయిన్ అనే శాస్త్రవేత్తలు చూశారు, అప్పటికి పెన్సిలిన్ ఇంకా జనం చేతికి రానేలేదు, అంటే తాళం వాడకంలోకి రాకముందే మారుతాళం ఉంది. కానీ ఈ ఎంజైమ్‌లలో ఎన్నో రకాలున్నాయి, క్లావులానిక్ యాసిడ్ అన్నిటినీ ఆపలేదు, కాబట్టి లొంగకపోవడం అనేది ఇక్కడ కూడా వచ్చేసింది. గొడవ తగ్గుతుంది అనొచ్చు, ఉండదు అనలేం.

ఇంకో చిక్కు ఏంటంటే ఎంజైమ్ ఎక్కడుందో అక్కడికి మందు చేరాలి, అదీ టైముకి చేరాలి. డిఫ్తీరియానే చూడండి. దాని విషం కూడా ఒక ఎంజైమే, మన కణంలోకి దూరి ప్రోటీన్ తయారీకి కావాల్సిన ఒక ముక్కని చెడగొడుతుంది, ఒక్క అణువు లోపలికి వెళ్లినా ఒక కణం చావడానికి చాలని ల్యాబ్‌లో తేలింది, ఎందుకంటే ముందే చెప్పాను కదా ఎంజైమ్ ఖర్చైపోదు, ఒకటి చెడగొట్టాక ఇంకోదాని దగ్గరికి వెళ్తుంది. డిఫ్తీరియా టీకా క్రిమిని చంపదు, ఈ విషాన్ని పట్టుకునే యాంటీబాడీలని ముందుగానే సిద్ధం చేస్తుంది, మీరు అడిగిన పద్ధతి అచ్చంగా ఇదే. జబ్బు వచ్చాక ఇచ్చే యాంటీటాక్సిన్ కూడా రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు, కణంలోకి దూరిపోయినదాన్ని ఏమీ చెయ్యలేదు. అందుకే గొంతులో బూడిద రంగు పొర చూసి డిఫ్తీరియా అని గట్టి అనుమానం వస్తే డాక్టర్లు ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగరు, శాంపిల్ పంపేసి యాంటీటాక్సిన్ మొదలుపెట్టేస్తారు, యాంటీబయాటిక్ కూడా దాంతోపాటే ఇస్తారు, ఒకటి ఉన్న విషాన్ని పట్టుకోడానికి, ఇంకోటి కొత్త విషం తయారవ్వకుండా.